పట్టేసిన షాక్ బోల్టు: ఏది పోయినా పర్వాలేదు, ఏది పోకూడదు

దక్షిణ తెలంగాణలో వెనక షాక్ (గతుకుల కుదుపు తగ్గించే షాక్ అబ్జార్బరు) ఉన్న సైకిళ్లు రెండు రకాలు కనిపిస్తాయి. మొదటిది స్కూలు పిల్లలు, కాలేజీ కుర్రాళ్లు తొక్కే ఇనుప ఫ్రేము సైకిలు. సీటు కింద లావాటి స్ప్రింగు, దానికి అటూ ఇటూ రెండు బోల్టులు. రెండోది హైదరాబాద్ నుంచి కొని తెచ్చుకునే అసలైన మౌంటెన్ బైకు. అల్యూమినియం లేదా కార్బన్ ఫ్రేము, గాలి ఒత్తిడితో పనిచేసే షాక్, ధర లక్షల్లో. దేవరకొండ, రాచకొండ గుట్టల వైపు, కోయిలకొండ దారుల్లో, మన్యంకొండ దగ్గరి రాళ్ల బాటల్లో తిరగడానికి తగినవి ఇవి. రెండింటిలోనూ షాక్ పట్టేసే చోటు ఒక్కటే. షాక్ చివర ఉన్న కన్నం గుండా ఫ్రేములోకి దిగే బోల్టు దగ్గరే అసలు గొడవ. అయితే మొదటి సైకిలుకు పనిచేసే వైద్యం రెండోదాని ప్రాణం తీస్తుంది.

పట్టేసిన ఇనుమును విడదీసే నేర్పుకు నల్గొండ, పాలమూరు జిల్లాల్లో కొరత లేదు. మిర్యాలగూడ రైస్ మిల్లులను నమ్ముకుని బతికే వర్క్‌షాపుల్లో షాఫ్టు మీంచి బేరింగు లాగడం రోజువారీ పని. బోరు మోటార్లు, ట్రాక్టరు పిన్నులు, బైకుల స్వింగ్ ఆర్మ్ బోల్టులు ఇక్కడి మెకానిక్‌లకు కొట్టిన పిండి. చిక్కల్లా ఆ అనుభవమంతా ఇనుముతో వచ్చిందే. ఇనుము దెబ్బకు ఓర్చుకుంటుంది. వంగితే సాపు చేయొచ్చు. ఎర్రగా కాల్చినా చల్లారాక పనికొస్తుంది. విరిగితే వెల్డింగు పడుతుంది. మౌంటెన్ బైకులో షాక్‌ను రెండు పక్కలా పట్టుకునే ఫ్రేము చెవులు పలచటి అల్యూమినియంతోనో, కార్బన్ పొరలతోనో చేసినవి. వాటికి ఈ గుణాల్లో ఒక్కటీ లేదు.

అందుకే పానా చేతికి తీసుకునే ముందే ఒక వరస మనసులో ఖాయం చేసుకోవాలి. మొదట పోగొట్టుకోదగ్గది బోల్టు. అది వందల్లో వస్తుంది. తర్వాత బుష్ (షాక్ కన్నంలో బోల్టు చుట్టూ ఉండే చిన్న గొట్టం), దాని పక్కన సందు నింపే స్పేసర్లు. ఆ తర్వాత షాక్. అది వేల రూపాయల వస్తువు, అయినా మరొకటి దొరుకుతుంది. ఫ్రేము చివరిది. ఫ్రేము చెవి పగిలితే సైకిలు మొత్తం పోయినట్టే. ఏ పద్ధతి వాడాలన్న ప్రశ్నకు జవాబు ఈ వరసలోంచే వస్తుంది. దెబ్బ వేసేటప్పుడు, లాగేటప్పుడు, వేడి పెట్టేటప్పుడు ఆ బలం చివరికి దేని మీద పడుతోందని చూసుకోవాలి. అది ఫ్రేము మీద పడుతుంటే ఆ పద్ధతి తప్పు, ఎంత త్వరగా పనయినా సరే.

ఎందుకు పట్టేస్తుంది

షాక్ తయారీ సంస్థలు సర్వీసు గడువులు స్పష్టంగా చెబుతాయి. ఫాక్స్ 125 గంటల రైడింగుకు లేదా ఏడాదికి, ఏది ముందైతే అప్పుడు, పూర్తి సర్వీసు చేయించమంటుంది. రాక్‌షాక్స్ గాలి గది సర్వీసును 50 గంటలకే చెబుతుంది. ఈ లెక్కన బోల్టును ఏడాదికోసారైనా ఊడదీసి, తుడిచి, మళ్లీ బిగించాలి. నల్గొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. సర్వీసు అంటే ఒక రోజు పోతుంది. దాంతో షాక్ బాగానే ఉంది కదా అని మూడు నాలుగు వానాకాలాలు గడిచిపోతాయి. అన్నాళ్లూ ఆ బోల్టు కదలదు.

లోపల జరిగేది ఇది. బోల్టు ఉక్కు, ఫ్రేము అల్యూమినియం. రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగులుతూ మధ్యలో ఉప్పు కలిసిన తేమ చేరితే అక్కడ చిన్న బ్యాటరీ తయారవుతుంది. అందులో కరిగేది ఎప్పుడూ అల్యూమినియమే. కరిగిన లోహం ఆక్సైడుగా, హైడ్రాక్సైడుగా మారి తెల్లటి పొడిలా అక్కడే పేరుకుంటుంది. ఆక్సైడ్ తాను పుట్టిన లోహం కంటే సుమారు 1.28 రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. హైడ్రాక్సైడ్‌కు అంతకంటే ఎక్కువ చోటు కావాలి. బోల్టుకూ రంధ్రానికీ మధ్య ఉండే సందు వెంట్రుక మందం కూడా ఉండదు. అందులో ఈ పొడి ఉబ్బితే బోల్టును నాలుగు వైపుల నుంచీ బిగించి పట్టేస్తుంది. ఇనుప ఫ్రేము సైకిల్లో ఇదే పని ఎర్ర తుప్పు చేస్తుంది. అది ఇనుముకు రెండింతలు పైగా ఉబ్బుతుంది కాబట్టి పట్టు ఇంకా గట్టిది. అయినా అక్కడ చుట్టూ ఉన్నది ఇనుమే, దెబ్బకు ఓర్చుకుంటుంది.

కార్బన్ ఫ్రేము అయితే తుప్పు గొడవ ఉండదనుకోవడం పొరపాటు. కార్బన్‌కు కరెంటును మోసే గుణం ఉంది. పైగా దాని పక్కన అల్యూమినియం ఉంటే కరిగేది అల్యూమినియమే. కార్బన్ ఫ్రేముల్లో బోల్టు దిగే చోట సాధారణంగా అల్యూమినియం గొట్టం అతికి ఉంటుంది. అది ఉబ్బితే బోల్టును పట్టడంతో పాటు కార్బన్ నుంచి తానే ఊడి రావచ్చు.

మరి తేమ ఎక్కడిది? ఏడాదిలో ఎనిమిది నెలలు ఎండే ఉండే ఈ ప్రాంతంలో ఇంత తుప్పు ఎలా వస్తుందనిపిస్తుంది. వాన ఒక్కటే కారణం అనుకుంటే సగమే అర్థమైనట్టు. సైకిలు కడిగేది బోరు నీళ్లతో. నల్గొండ, పాలమూరు జిల్లాల బోరు నీళ్లు చాలా చోట్ల లవణాలు ఎక్కువున్న గడుసు నీళ్లు. బకెట్ అడుగున, కుళాయి మూతి దగ్గర తెల్లగా గార కట్టేది వాటి వల్లే. నల్గొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. ఇక్కడ మాత్రం ముద్దాయి క్లోరైడ్. అల్యూమినియం తన మీద తానే కప్పుకునే రక్షణ పొరను ఛేదించేది అదే. కడిగి ఎండలో నిలబెడితే నీళ్లు ఆరిపోతాయి, లవణాలు సందులో మిగిలిపోతాయి. దాని మీద చల్కా నేలల ఎర్ర దుమ్ము, రైడరు చెమట, మళ్లీ కడిగినప్పుడు మళ్లీ నీళ్లు. ప్రెషర్ వాషరుతో కడిగే బైక్ వాష్ షాపుల్లో నీటి ధార నేరుగా షాక్ బోల్టు మీద పడితే, మామూలుగా లోపలికి పోలేని నీళ్లు కూడా పోతాయి. శుభ్రంగా ఉంచాలనే ఆరాటమే బోల్టును పట్టించేస్తుంది.

రెండో కారణం రసాయనం. ఫ్యాక్టరీలో త్రెడ్డుకు నీలం రంగు త్రెడ్ లాకరు (బోల్టు దానంతటది వదులవకుండా పట్టి ఉంచే జిగురు) పూసి బిగిస్తారు. అది మామూలు పానాకు వదలాల్సిందే. కానీ దానికి తుప్పు తోడైతే బోల్టు మొండికేస్తుంది. మూడో కారణం మనిషి చెయ్యి. చాలా ఫ్రేముల్లో షాక్ బోల్టుకు చెప్పే బిగింపు 10 నుంచి 20 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. పది సెంటీమీటర్ల పొడవున్న పానా చివర సుమారు 12 కిలోల బరువు వేలాడదీస్తే 12 న్యూటన్ మీటర్లు వస్తాయి. లారీ వీలు నట్లు బిగించడానికి అలవాటు పడిన చెయ్యి దీన్ని తెలియకుండానే రెట్టింపు చేసేస్తుంది.

ముందు ఏది పట్టేసిందో తేల్చాలి

షాక్ రావట్లేదని చెప్పినప్పుడు దాని వెనక నాలుగు వేర్వేరు సంగతులు ఉండొచ్చు. వీటిని కలిపేసి ఒకే మందు వేయడమే ఎక్కువ నష్టాలకు మూలం.

బోల్టు తల అసలు తిరగకపోతే పట్టేసింది త్రెడ్డు. తల తిరుగుతోంది, కానీ బయటికి రావట్లేదంటే రెండు అవకాశాలు. త్రెడ్డు పూర్తిగా ఊడిపోయి నున్నటి ఒళ్లు మాత్రం రంధ్రంలో ఇరుక్కుని ఉండొచ్చు, లేదా త్రెడ్డే తెగిపోయి బోల్టు ఉత్తినే తిరుగుతుండొచ్చు. వేలితో తల కిందికి సన్నటి బ్లేడు దూర్చి పైకి ఎత్తుతూ తిప్పితే తేడా తెలుస్తుంది. ప్రతి చుట్టుకూ కాస్త పైకి వచ్చి మళ్లీ లోపలికి జారితే త్రెడ్డు తెగింది. ఇక మూడో స్థితిలో బోల్టు చేతికి వచ్చేస్తుంది గానీ షాక్ మాత్రం చెవుల మధ్య నుంచి కదలదు. ఇక్కడ పట్టేసింది బోల్టు కాదు, షాక్ కన్నానికి అటూ ఇటూ ఉండే స్పేసర్లు. ఫ్రేము రంగుకూ స్పేసరుకూ మధ్య మట్టి గట్టిపడి ఉంటుంది. నాలుగోది ట్రనియన్ రకం షాక్. వీటికి పై చివర కన్నం ఉండదు. రెండు పక్కల నుంచి రెండు పొట్టి బోల్టులు నేరుగా షాక్ తలలోకే దిగుతాయి. అక్కడ త్రెడ్డు పాడైతే పోయేది ఫ్రేము కాదు, షాక్. పోగొట్టుకునే వరసలో అది ఫ్రేము కంటే ఒక మెట్టు ముందే ఉంది కాబట్టి కాస్త ధైర్యంగా పనిచేయొచ్చు.

ఇంకొకటుంది. అది మాత్రం ఇంట్లో ముట్టుకోకూడనిది. షాక్ ముడుచుకుపోయి, గాలి పంపుతో ఎంత కొట్టినా తిరిగి లేవకపోతే లోపలి రెండో గదిలో గాలి చిక్కుకుని ఉందని అర్థం. ఆ స్థితిలో దాని గాలి డబ్బాను విప్పబోతే అది తుపాకీ గుండులా లేచి వస్తుంది. కారు టైరులో ఉండేది 30, 35 పీఎస్ఐ. ఈ షాక్‌లలో 150 నుంచి 250 పీఎస్ఐ మామూలే. దీనికి తోడు చాలా షాక్‌లలో విడిగా నైట్రోజన్ నింపిన గది కూడా ఉంటుంది. ఇలా ముడుచుకుపోయిన షాక్‌ను సర్వీసు తెలిసిన వాళ్ల దగ్గరికి పంపడం తప్ప వేరే మాట లేదు.

బరువు దించకుండా బోల్టు రాదు

పట్టేసిందనుకున్న బోల్టుల్లో కొన్ని అసలు పట్టేసినవే కావు. షాక్ వెనక చక్రంతో నేరుగా కాకుండా లింకుల ద్వారా కలుస్తుంది. 150 మిల్లీమీటర్లు కదిలే చక్రానికి 55 మిల్లీమీటర్లు కదిలే షాక్ ఉంటే చక్రం మీద పడిన బరువు షాక్ దగ్గరికి వచ్చేసరికి సుమారు 2.7 రెట్లు అవుతుంది. వెనక చక్రం మీద పది కిలోలున్నా బోల్టు మీద 27 కిలోలు అడ్డంగా నొక్కుతున్నట్టే. అలా అడ్డంగా బిగుసుకున్న బోల్టును ఎంత తిప్పినా బయటికి రాదు. బలవంతం చేస్తే త్రెడ్డు పోతుంది.

కాబట్టి సైకిలును సీటు గొట్టం దగ్గర పట్టుకునే స్టాండుకు తగిలించాలి. లేదంటే చెట్టు కొమ్మకు తాడుతో వేలాడదీయాలి. వెనక చక్రం తీసేయాలి. షాక్‌లో గాలి నెమ్మదిగా వదలాలి. ఒక్కసారిగా వదిలేస్తే ఇందాక చెప్పిన రెండో గదిలో గాలి చిక్కుకుంటుంది. స్ప్రింగు షాక్ అయితే స్ప్రింగును నొక్కిపెట్టే రింగును వదులు చేయాలి, పూర్తిగా విప్పకూడదు. తర్వాత ఒకరు వెనక భాగాన్ని చేత్తో పట్టుకుని కొద్ది కొద్దిగా పైకీ కిందికీ కదుపుతుంటే, ఇంకొకరు బోల్టును తిప్పి చూడాలి. ఎక్కడో ఒక చోట బరువు సున్నా అవుతుంది. ఆ చోటు దొరకగానే చాలా బోల్టులు వేళ్లతోనే వచ్చేస్తాయి. రెండో మనిషి లేకుండా ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది.

అప్పటికీ రాకపోతే పని తల దగ్గర మొదలవుతుంది. బోల్టు తలలోని ఆరు మూలల గుంతలో ఎర్రమట్టి గట్టిపడి ఉంటుంది. పిన్నీసుతోనో సన్న స్క్రూ డ్రైవరుతోనో దాన్ని అడుగు దాకా గీకి తీయాలి. మట్టి మీద పెట్టిన ఎలెన్ కీ సగమే లోపలికి పోతుంది, తిప్పగానే మూలలు అరిగిపోతాయి. పట్టేసిన బోల్టు సమస్య అరిగిన తల సమస్యగా మారేది ఈ ఒక్క క్షణంలోనే. అరిగిన పాత కీలు, చివర గుండ్రంగా ఉండే కీలు ఇక్కడ పనికిరావు. మంచి ఉక్కుతో చేసిన, కొత్త అంచులున్న కీ కావాలి. దాన్ని గుంతలో పెట్టి చిన్న సుత్తితో రెండు మూడు సార్లు తట్టాలి. ఆ తట్టుడుకు కీ అడుగు దాకా దిగుతుంది, త్రెడ్డులోని తుప్పు కూడా కాస్త చెదురుతుంది. తర్వాత మొదట బిగించే వైపు ఒక్క పిసరు, ఆపైన విప్పే వైపు. పట్టు తెగితే చిన్న టిక్కుమనే శబ్దం వస్తుంది. మెత్తగా, సాగుతున్నట్టు తిరిగితే మాత్రం వెంటనే ఆపాలి. కీ మెలిపడుతోందో, తల అరుగుతోందో, త్రెడ్డు చీలుతోందో చూశాకే ముందుకు వెళ్లాలి.

నూనె, వేడి

కిరోసిన్, డీజిల్, బ్రేక్ ఆయిల్ మన మెకానిక్‌ల మూడు మందులు. డీజిల్, కిరోసిన్ సన్నగా సందుల్లోకి పాకుతాయి, అల్యూమినియానికి హాని లేదు. బ్రేక్ ఆయిల్ ఫ్రేము రంగును లేపేస్తుంది కాబట్టి దూరంగా పెట్టాలి. డబ్బాలో దొరికే పెనెట్రేటింగ్ ఆయిల్ వీటికంటే మెరుగు. ఏది వాడినా దానికి కావాల్సింది సమయం. సాయంత్రం వేసి, సైకిలును పక్కకు పడుకోబెట్టి, నూనె కిందికి దిగేలా ఉంచి, పొద్దున మళ్లీ వేసి తట్టాలి. నూనె వేసిన ఐదు నిమిషాలకే బలం పెడితే నూనె వేసీ వేయనట్టే. డిస్కు బ్రేకులున్న సైకిలుకు నూనె చుక్క డిస్కు మీద గానీ ప్యాడ్ల మీద గానీ పడకుండా గుడ్డ చుట్టాలి.

బాత్రూమ్ యాసిడ్, డ్రైనేజీ పొడి జోలికి అసలు వెళ్లకూడదు. ఇనుప తుప్పుకు యాసిడ్ పనిచేస్తుందని చూసిన వాళ్లు ఇక్కడ కూడా పోస్తారు. డ్రైనేజీ పొడిలోని కాస్టిక్ సోడా ఉక్కు బోల్టును ఏమీ చేయకుండా అల్యూమినియం ఫ్రేమును తినేస్తుంది. పోగొట్టుకునే వరస సరిగ్గా తలకిందులవుతుంది.

వేడి విషయం ఇంకాస్త లోతుగా చూడాలి, ఎందుకంటే పెద్ద నష్టాలు ఇక్కడే జరుగుతాయి. ఒక డిగ్రీ వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. లెక్క వేస్తే, 8 మిల్లీమీటర్ల రంధ్రాన్ని, అందులోని బోల్టును 70 డిగ్రీలు పెంచితే వాటి మధ్య తేడా మిల్లీమీటరులో వెయ్యింట ఆరు వంతులు. చూడ్డానికి ఏమీ లేనట్టే. అయినా ఆక్సైడ్ పొర పగలడానికి, నూనె లోపలికి దూరడానికి ఆ తేడా చాలు. గది వేడి నుంచి 70 డిగ్రీలు పెంచడానికి మరుగుతున్న నీళ్లు సరిపోతాయి. అల్యూమినియం ఫ్రేము చెవి మీద గుడ్డ చుట్టి, షాక్ మీద పడకుండా, సలసల కాగే నీళ్లు కొంచెం కొంచెంగా పోయడం అన్నిటికంటే ప్రమాదం తక్కువ పద్ధతి. గాలి వదలకుండా మాత్రం వేడి దగ్గరికి వెళ్లకూడదు.

ఇంతకంటే మంచి సాధనం టీవీలు బాగుచేసే షాపులో ఉంటుంది. సోల్డరింగ్ ఐరన్ మొనను బోల్టు తల గుంతలో పెట్టి కొన్ని నిమిషాలు ఉంచితే వేడి బోల్టులోకే పోతుంది, ఫ్రేముకు తక్కువ తగులుతుంది. బోల్టు ఉబ్బి చుట్టూ ఉన్న ఆక్సైడును నలుపుతుంది. చల్లారి సన్నబడినప్పుడు సందు మిగులుతుంది. త్రెడ్ లాకరు కూడా ఈ వేడికి మెత్తబడుతుంది.

గ్యాస్ మంట మాత్రం వద్దు. ఇనుము కాలుతుంటే ముందు ఎర్రబడుతుంది, తర్వాత నారింజ రంగు. వెల్డరు కన్ను ఆ రంగును చూసే మంటను ఆపుతుంది. అల్యూమినియం అలా రంగు మారదు. సైకిల్ ఫ్రేములకు ఎక్కువగా వాడే 6061 మిశ్రమం సుమారు 580 డిగ్రీల దగ్గర కరగడం మొదలుపెడుతుంది. అప్పటి దాకా వెండిలా మెరుస్తూనే ఉండి ఒక్కసారిగా కూలిపోతుంది. కరగకపోయినా నష్టమే. ఆ మిశ్రమానికి గట్టిదనం వచ్చేది ఫ్యాక్టరీలో 160, 175 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాల్చడం వల్ల. దానికి బాగా మించిన వేడి పెడితే ఆ గట్టిదనం పోతుంది, పైకి మాత్రం ఏమీ కనిపించదు. తర్వాత ఎప్పుడో గుట్ట దిగుతుండగా చెవి సాగుతుంది. కార్బన్ ఫ్రేముకైతే మంట, హాట్ ఎయిర్ గన్ రెండూ వద్దు. పొరలను అతికించిన రెసిన్ మెత్తబడుతుంది. ఇనుప ఫ్రేము సైకిలుకు మాత్రం ఈ భయాలేవీ లేవు. షాక్ రబ్బరు బుష్‌లు, రంగు కాలతాయన్నది ఒప్పుకుంటే మంట పెట్టొచ్చు.

కొట్టడం కంటే లాగడం మేలు

త్రెడ్డు వదిలి, బోల్టు ఒళ్లు మాత్రం ఇరుక్కుంటే వెంటనే చేయి సుత్తి వైపు పోతుంది. సుత్తి దెబ్బ బోల్టు నుంచి ఫ్రేము చెవిలోకి పోతుంది. చెవి వెనక ఆధారం లేకపోతే అది వంగుతుంది. కొట్టక తప్పకపోతే అవతలి చెవిని చెక్క దిమ్మకు ఆనించాలి. దిమ్మలో బోల్టు దూరేంత రంధ్రం ఉండాలి. ఇత్తడి కడ్డీతో, చిన్న సుత్తితో, ఎక్కువ సార్లు మెల్లగా కొట్టాలి. బోల్టు త్రెడ్డు చివర మీద నేరుగా కొడితే అది పుట్టగొడుగులా పరుచుకుని రంధ్రంలోంచి ఎప్పటికీ రాదు.

దీనికంటే ఎంతో మేలైన దారి మిల్లు మెకానిక్‌లకు తెలిసిందే. బేరింగు పుల్లరు సూత్రమే ఇక్కడా పనికొస్తుంది. బోల్టు బోలుగా ఉండి లోపల త్రెడ్డున్న రకమైతే దానికి సరిపోయే పొడవాటి బోల్టు ఒకటి తీసుకోవాలి. పెద్ద సాకెట్ ఒకటి ఫ్రేము చెవి మీద బోర్లించాలి. పట్టేసిన బోల్టు తల అందులోకి దూరేంత వెడల్పు ఉండాలి. సాకెట్ అంచు కింద మందపాటి రబ్బరో తోలో పెట్టాలి. సాకెట్ మీద రెండు మూడు వాషర్లు, వాటి గుండా ఆ పొడవాటి బోల్టు. తిప్పుతుంటే ఇరుక్కున్నది సాకెట్ లోపలికి లేచి వస్తుంది. ఎం8 (8 మిల్లీమీటర్ల) బోల్టును 10 న్యూటన్ మీటర్లతో తిప్పితే వచ్చే లాగుడు సుమారు 6,000 న్యూటన్లు, అంటే దగ్గర దగ్గర 600 కిలోలు. ఇంత బలం ఊపు లేకుండా, సూటిగా, సాకెట్ ఆనిన చోట మాత్రమే పడుతుంది. చెవి వంగే అవకాశం చాలా తక్కువ. లోపల త్రెడ్డు లేని బోల్టు అయితే ఇదే ఏర్పాటును తిరగేసి వాడొచ్చు. ఇటు పక్క సన్న కడ్డీ, అటు పక్క సాకెట్, రెండింటినీ కలిపి జీ క్లాంపుతో నొక్కడం. లేత్ షాపులో సరిపడా కడ్డీని, మెట్టున్న బుష్‌ను తిప్పించుకుంటే ఈ పని ఇంకా శుభ్రంగా అవుతుంది. అల్యూమినియం ముక్క మీద ఇంత చిన్న పని లేత్ మీద ఎంతో సేపు పట్టదు.

స్పేసర్లు మాత్రమే పట్టేసినప్పుడు ఇన్ని తంటాలు అక్కర్లేదు. చెవులను స్క్రూ డ్రైవరుతో వెడల్పు చేయబోవడమే చాలామంది చేసే తప్పు. అలా వెడల్పైన చెవులు తర్వాత షాక్‌ను సరిగా పట్టవు. నూనె వేసి, షాక్‌ను చేత్తో పక్కకు మెలిపెడుతూ ఊపితే మట్టి విడిపోతుంది.

ఏదీ పనిచేయనప్పుడు

తల అరిగిపోతే గుంతలోకి కాస్త పెద్ద సైజు టార్క్స్ బిట్టును (నక్షత్రం ఆకారపు మొన ఉన్నది) సుత్తితో దించి తిప్పడం మొదటి ప్రయత్నం. అది పనిచేయకపోతే తల మీద నట్టు పెట్టి వెల్డింగు టాక్ వేయించడం. ఇది చాలా పట్టు వదిలిస్తుంది, వెల్డింగు వేడి కూడా కలిసొస్తుంది. ఇనుప ఫ్రేముకు హాయిగా చేయొచ్చు. అల్యూమినియం ఫ్రేముకు అయితే ఎర్త్ క్లాంపును ఫ్రేముకు కాకుండా బోల్టుకే తగిలించాలి. లేకపోతే కరెంటు లింకుల బేరింగుల గుండా పోయి వాటిని పాడు చేస్తుంది. కార్బన్‌కు ఇది పనికిరాదు.

తర్వాతిది డ్రిల్లు. తల మధ్యలో పంచు కొట్టి, 3 మిల్లీమీటర్ల బిట్టుతో మొదలుపెట్టి, బోల్టు ఒంటి మందానికి వచ్చేసరికి తల ఉంగరంలా ఊడి బిట్టుకే అంటుకుంటుంది. తల పోగానే బోల్టులోని బిగువు పోతుంది. మిగిలిన ముక్క తరచూ వేళ్లకే వచ్చేస్తుంది. స్టెయిన్‌లెస్ బోల్టు అయితే డ్రిల్లును నెమ్మదిగా, గట్టిగా నొక్కి, నూనె వేస్తూ తిప్పాలి. వేగంగా తిప్పుతూ మెల్లగా నొక్కితే దాని పైపొర గట్టిపడి బిట్టే అరిగిపోతుంది.

కన్నానికీ చెవికీ మధ్య స్పేసరున్న షాక్‌లకు ఆఖరి మార్గం ఇనుము కోసే ఆక్సా బ్లేడు. దాన్ని రంపం చట్రానికి బిగించకుండా ఉత్త బ్లేడుకు గుడ్డ చుట్టి పట్టుకుని, చెవి లోపలి వైపు పలచటి రేకు దూర్చి, స్పేసరుతో సహా బోల్టును కోసేయడం. బోల్టు పోతుంది, స్పేసరు పోతుంది, షాక్ దక్కుతుంది, ఫ్రేము దక్కుతుంది. గంటసేపు చేయి నొప్పి పెట్టే పని, కానీ గ్రైండరు కంటే ఎంతో నయం. గ్రైండరు చక్రం ఒక్కసారి ఎగిరితే చెవి మీద గాటు పడుతుంది. అల్యూమినియంలో చీలిక మొదలయ్యేది అలాంటి గాటు దగ్గరే. చెవిలోని త్రెడ్డు పాడైతే హెలికాయిల్ (పోయిన త్రెడ్డు చోట దింపే తీగ చుట్ట) వేయించొచ్చు. మోటార్ సైకిల్ ఇంజిన్ పని చేసే షాపులకు ఇది అలవాటే. చెవి అంచుకూ రంధ్రానికీ మధ్య తగినంత లోహం ఉందో లేదో ముందే చూసుకోవాలి.

మళ్లీ బిగించేటప్పుడు

బోల్టు వచ్చాక రంధ్రంలోని తెల్ల పొడిని ఉప్పు కాగితంతో గీకకూడదు. రంధ్రం పెద్దదైతే షాక్ ప్రతి గతుకుకూ టకటకలాడుతుంది. నైలాన్ బ్రష్షుతో, కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో తుడిస్తే చాలు. రంధ్రం అంచు చుట్టూ సన్న గీతలా చీలిక ఉందేమో పగటి వెలుతురులో చూడాలి. బోల్టు ఒంటి మీద గుంతలు పడి ఉంటే పాతదాన్ని వాడకూడదు. మామూలు హార్డ్‌వేర్ షాపు బోల్టూ వేయకూడదు. దాని ఒంటి కొలతలో పదో వంతు మిల్లీమీటరు తేడా ఉన్నా బుష్ త్వరగా అరిగిపోతుంది. అదే సంస్థ బోల్టు దొరక్కపోతే పాత బోల్టు కొలతలను వెర్నియర్‌తో తీయించి లేత్ మీద మంచి ఉక్కుతో చేయించుకోవడం నయం.

బోల్టు నున్నటి ఒంటికి గ్రీజు పలచగా పూయాలి. బేరింగులకు వాడే మామూలు లిథియం గ్రీజు సరిపోతుంది. త్రెడ్డుకు ఫ్రేము తయారీదారు త్రెడ్ లాకరు చెప్పి ఉంటే అదే వేయాలి, అక్కడ గ్రీజు పనికిరాదు. బిగింపు టార్క్ రెంచితోనే, అంటే బిగింపు ఎంతో కొలిచి చూపే పానాతో. నల్గొండలోనో పాలమూరులోనో సైకిలు షాపులో అది లేకపోతే మోటార్ సైకిల్ సర్వీసు షాపులో అడిగి చూడొచ్చు. 10 న్యూటన్ మీటర్ల దాకా దిగే చిన్న రెంచి కావాలని చెప్పాలి. కారు పనికి వాడే పెద్ద రెంచి ఇంత తక్కువ బిగింపును నమ్మకంగా చూపించదు. గాలి నింపాక సైకిలును సీటు పట్టుకుని ఎత్తి దింపుతూ, ఇంకో చేతి వేలు షాక్ కన్నం దగ్గర పెడితే ఏమాత్రం వదులున్నా వేలికే తెలుస్తుంది. వదులు తెలిస్తే బుష్ మార్చాలి. వానాకాలం మొదలయ్యే ముందు ఒకసారి, దసరా నాటికి ఒకసారి ఆ బోల్టును పూర్తిగా బయటికి తీసి తుడిచి గ్రీజు వేస్తే ఈ పనికి పావుగంట పడుతుంది.